ఒక చేత్తో లేచే సైకిలు

సైకిలు కొనడానికి వెళ్లి, దాన్ని ఎక్కి చూడకుండా ఎత్తి చూసే మనిషిని నమ్మకండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను ఏదైనా చెప్పమని అడిగినప్పుడు నేను చెప్పేది ఇదే. వాళ్లు నవ్వుతారు. ముసలాయనకు మతి చలించిందనుకుంటారు. అందుకే అసలు సంగతి మొత్తం రాస్తున్నాను.

శంషాబాద్ విమానాశ్రయం పక్కన, విమానాల్లోకి భోజనాలు వండి పంపే ఒక కంపెనీలో నేను పనిచేసి రిటైరయ్యాను. నాకు వంట రాదు. చక్రాలున్న ప్రతిదీ నా శాఖ. ట్రేలు పెట్టే తోపుడు బండ్లు, విమానం తలుపు దాకా పైకి లేచే లారీలు, గోదాములో సామాను లాగే బండ్లు, వీటిలో ఏది మొరాయించినా నాకే ఫోను. డిప్లొమా చదువు, ఇంకొంచెం అనుభవం, అంతకంటే ఎక్కువ ఓపిక ఉంటే చేయగల పని అది. చదువు, అనుభవం నాకు సరిపడా ఉండేవి. ఓపిక మాత్రం మా జనరల్ మేనేజరు గారు వచ్చాక అయిపోయింది.

ఆయన్ని ఇకనుంచి జీఎం గారు అంటాను. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మాకు ఇంత కష్టం ఉండేది కాదు. చెడ్డవాడు చెడు చేసి ఊరుకుంటాడు. ఈయన మంచి చేయాలని బయల్దేరేవాడు.

మా కంపెనీ ఆవరణ చాలా పొడుగు. సర్వీసు రోడ్డు మీద బస్సు దిగితే మెయిను గేటు. గేటు నుంచి వంటశాల దాకా నడిస్తే మనిషి చెమటతో తడిసిపోయేంత దూరం. రాజేంద్రనగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే వాళ్లందరినీ గేటు దగ్గర ఎక్కించుకుని వంటశాల దగ్గర దింపే వ్యాను ఒకటి ఉండేది. పాతదే, పొగ వదిలేది, కానీ నడిచేది. జీఎం గారు ఏదో దేశం వెళ్లి వచ్చారు. అక్కడ కోటు వేసుకున్న మనుషులు రైలు దిగి, చేతిలోని మడత సైకిలు విప్పుకుని ఆఫీసులకు వెళ్లడం చూశారట. తిరిగి వచ్చీ రాగానే వ్యాను ఆపేశారు. పర్యావరణం కోసం అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన తన పెద్ద కారులో ఏసీ వేసుకుని వచ్చారు.

"చూడండి, మన స్టాఫ్ బస్సులో మడతపెట్టి తెచ్చుకుంటారు. గేటు దగ్గర విప్పుతారు, తొక్కుతారు, మళ్లీ మడిచి లోపల పెట్టుకుంటారు. ఎంత సొగసుగా ఉంటుందో ఊహించుకోండి," అన్నారు మీటింగులో.

మేము ఊహించుకున్నాం. పొద్దున షిఫ్టు బస్సులో మనిషి నిలబడడానికే చోటుండదు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో సైకిలుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాం. నేను నోరు తెరిచేలోపే సైకిళ్ల కమిటీలో నా పేరు వేసేశారు. చక్రం ఉంది కదా, అందుకని.

కమిటీలో ముగ్గురం. జీఎం గారు, నేను, ఇంకా మా కూలింగు విభాగంలో పనిచేసే ఒక యువ ఇంజినీరు. అతనిది బడంగ్‌పేట్. ఆదివారం వస్తే ఒంటికి అతుక్కునే రంగురంగుల బట్టలేసుకుని, హిమాయత్ సాగర్ చుట్టూ చువ్వలాంటి సైకిలు మీద చక్కర్లు కొట్టేవాడు. సైకిలు గురించి అతను మాట్లాడుతుంటే వినేవాడికి రెండే దారులుంటాయి. భక్తుడు కావడం, లేదా పారిపోవడం. నాకు రెండూ కుదరలేదు.

ముగ్గురం ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. అక్కడ మడత సైకిళ్లు నగల దుకాణంలో నగల్లా లైట్ల కింద నిలబెట్టి ఉన్నాయి. జీఎం గారు నేరుగా వెళ్లి ఒకదాన్ని ఒక చేత్తో పైకెత్తారు.

"చూశారా, ఒక చేత్తో లేస్తోంది."

షోరూము మనిషి మురిసిపోయాడు. జీఎం గారు ఇంకోటి ఎత్తారు, మరోటి ఎత్తారు. కూరగాయల మార్కెట్లో గుమ్మడికాయలు ఎత్తి చూసినట్టు చూసి, అన్నిటికంటే తేలికైనదాన్ని ఎంచుకున్నారు. బక్కచిక్కిన చిన్న చక్రాలు, వేలంత సన్నని టైర్లు, కత్తి అంచులాంటి సీటు, వంగి పట్టుకోవలసిన తిన్నని హ్యాండిలు.

"బయట రోడ్డు మీద ఒకసారి తొక్కి చూద్దామా సార్?" అని అడిగాను.

"ఎందుకండీ, ఇక్కడే తొక్కొచ్చు కదా," అని ఆయన షోరూములోనే ఒక చుట్టు చుట్టారు. నేల నున్నటి గ్రానైటు. గ్రానైటు మీద ఇటుక కూడా మెత్తగానే జారుతుంది.

చిన్న చక్రం గురించి నాకు కొంచెం తెలుసు. తోపుడు బండ్లతోనే కదా బతుకంతా గడిచింది. పెద్ద చక్రం గుంత మీదుగా దాటిపోతుంది. చిన్న చక్రం గుంతలోకి దిగి, మళ్లీ ఎక్కి బయటికి రావాలి. ఆ దిగే దెబ్బ, ఎక్కే దెబ్బ ఎవరో ఒకరు తినాలి. టైరు లావుగా, కొంచెం మెత్తగా ఉంటే టైరు తింటుంది. లేకపోతే సీటు మీద కూర్చున్నవాడు తింటాడు. ఈ మాట అక్కడే చెప్పాను. యువ ఇంజినీరు నన్ను జాలిగా చూశాడు.

"అన్నా, గట్టి టైరు ఉరికినట్టు మెత్తది ఉరకదు. లావు టైరు ఏస్తే గేదెను తోలినట్టే ఉంటది," అన్నాడు.

"ఉరికి ఎక్కడికి పోవాలె తమ్మీ? వంట గదికేనాయె," అన్నాను.

జీఎం గారు మధ్యలో కలగజేసుకుని, ఆ లావు టైర్లు చక్రాన్ని పట్టుకునే ఈ ఫోర్కులో పట్టనే పట్టవని షోరూము మనిషి చెప్పాడన్నారు. షోరూము మనిషి ఆ మాట చెప్పడం నేను వినలేదు. ఆ పక్కనున్న సీట్ల అరలో వెడల్పాటి సీట్లు, కింద స్ప్రింగులున్నవి కనిపిస్తున్నాయి. అది చూపిస్తే, అవి తాతలకండీ అన్నారు. తాతనయ్యే వయసులో ఉన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

సైకిళ్లు వచ్చాయి. రిబ్బను కట్టారు, కత్తిరించారు, ఫొటోలు తీశారు. ఫొటోలో సైకిళ్లు చాలా అందంగా పడ్డాయి. తొక్కేవాళ్ల ముఖాలు ఫొటోలో పడకుండా తీశారు కాబట్టి ఆ అందం చెడలేదు.

మా ఆవరణ రోడ్డు సంగతి చెప్పాలి. తారు రోడ్డు కాదు. సిమెంటు దిమ్మెలు పేర్చిన రోడ్డు, లారీల బరువుకు ఒక్కో దిమ్మె ఒక్కో ఎత్తులో ఉంటుంది. లారీలు మెల్లగా పోవాలని మధ్యమధ్య వరుసగా చిన్న చిన్న గట్లు వేశారు. వాటి మీద ఆ సన్నటైరు సైకిలు పోతుంటే తొక్కేవాడి మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేది. ముందు మణికట్లు తిమ్మిరెక్కేవి, తర్వాత వీపు పట్టేసేది. చివరికి అందరూ కనిపెట్టిన కిటుకు ఏమిటంటే, గట్లు వచ్చినచోట దిగి నెట్టుకుంటూ పోవడం. గట్లు చాలా ఉన్నాయి. అంటే మేము నడిచి వెళ్లేవాళ్లమే, పక్కన ఒక సైకిలును కూడా తోడు తీసుకుని.

మడత పెట్టడం సంగతి ఇంకా గొప్పది. బస్సు కండక్టర్లు మొదటి వారమే సైకిళ్లను ఎక్కనిచ్చేది లేదన్నారు. సరే, ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గరే పెట్టి పొమ్మన్నారు జీఎం గారు. పోనీ వంటశాల లోపలికైనా మడిచి తీసుకుపోదామంటే, బయట రోడ్డు మీద తిరిగిన చక్రం వంట చేసేచోట అడుగుపెట్టకూడదు. అది మా నియమం, చాలా మంచి నియమం. కాబట్టి వంటశాల గోడ పక్కన రేకుల షెడ్డు వేసి అందులో నిలబెట్టాం. మడత సైకిళ్లు కొని, ఎప్పుడూ మడవలేదు. మడత కీలు మాత్రం ప్రతి సైకిలుకూ కిర్రుమంటూ, నన్ను కూడా చూడు అన్నట్టు వదులయ్యేది.

ఆ నియమం కచ్చితంగా అమలు చేసినామె మా శుభ్రత తనిఖీ అధికారిణి. ఈ కథ నిజానికి ఆమెది.

ఆమె హిమాయత్ సాగర్ పక్క ఊరిలో వ్యవసాయం చేసుకునే కుటుంబం మనిషి. చదువుకుంది, మా దగ్గర చిన్న పనిలో చేరి, పరీక్షలు రాసి, తనిఖీ దాకా వచ్చింది. బండ్లు విమానానికి బయల్దేరే ముందు అన్నం ఎంత వేడిగా ఉందో, మనిషి చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఆమె చూసి సరే అంటేనే తలుపు తెరుచుకునేది. వంటవాళ్లలో పెద్ద పెద్ద మీసాలవాళ్లు ఆమె వస్తుంటే గోళ్లు దాచుకునేవారు. నన్ను అన్నా అని పిలిచేది, నేను చెల్లె అనేవాణ్ని. మనిషి మంచి పొడుగు. ఆ పొడుగే కొంప ముంచింది.

జీఎం గారు ఎంచిన సైకిలుకు సీటు కింది గొట్టం పొట్టిది. బరువు తగ్గాలని పొట్టిది వేశారట. పొడుగు మనిషి దాని మీద కూర్చుంటే మోకాళ్లు హ్యాండిలుకు తగులుతాయి. ఆమె కూర్చుంటే సర్కసులో ఎలుగుబంటికి సైకిలిచ్చినట్టుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, ఆ మహానుభావుడు తర్వాత చాలాకాలం మొరాయించిన తోపుడు బండ్లను తనే నెట్టుకున్నాడు, బాగు చేయడానికి నాకు తీరిక దొరకలేదు.

కొన్నాళ్లకే ఆమె నడుము పట్టేసింది. దవాఖానకు పోతే, కుదుపులు తగలకుండా చూసుకొమ్మన్నారు. నడిచి రావడం మొదలుపెట్టింది. నడిస్తే పొద్దున షిఫ్టుకు కొంచెం ఆలస్యమయ్యేది. ఆమె ఆలస్యమైతే బండి ఆగుతుంది, బండి ఆగితే విమానం దగ్గర అరుపులు. జీఎం గారు మీటింగు పెట్టారు. సైకిలు పథకానికి సహకరించని వాళ్లను గేటు పక్కనున్న గోదాముకు మారుస్తానన్నారు. గోదాములో తనిఖీ ఏముండదు. ఖాళీ డబ్బాలు పేర్చే పని.

"ఆవిడకు అలవాటు లేదండీ, అంతే. పల్లెటూరి ఆడవాళ్లకు సైకిలు ఎక్కడ అలవాటుంటుంది చెప్పండి. నెమ్మదిగా నేర్చుకుంటారు," అన్నారు జీఎం గారు, దయగా.

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"సార్, నేను బడికి పోయేటప్పుడు మా బాపు సైకిల్ మీదనే పోయిన. ఎనుక రెండు దిక్కుల పాల క్యాన్లు గట్టుకొని, రాళ్ల తొవ్వల. సీటెక్కితే కాళ్లు అందకుంటే దండె కింద కాలు పెట్టి తొక్కిన. నాకు సైకిల్ రాదని గీ పొద్దే తెలిసింది."

జీఎం గారు, "చాలా స్ఫూర్తిదాయకంగా ఉందండీ," అని తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు.

మీటింగు అయ్యాక ఆమె నా షెడ్డుకు వచ్చింది.

"అన్నా, గోదాముకు పంపిస్తే నేను ఇగ రాను. ఇన్నేండ్లు చదివి చదివి గీడిదాక వచ్చిన. డబ్బాలు పేర్చనీకె కాదు గద."

"జర ఓపిక పట్టు చెల్లె," అన్నాను. ఓపిక నా దగ్గర లేదని ముందే చెప్పాను కదా. లేనిదాన్ని ఇతరులకు పంచడం పెద్దతనం.

యువ ఇంజినీరును పిలిచాను. "తమ్మీ, నీకు సైకిల్ మీద ప్రేమ గదా. రేపు పొద్దుగాల గీ సైకిల్ మీద గేటు నుంచి గీడిదాక రా. నీ చెడ్డీ కాదు, డ్యూటీ బట్టలేసుకో. చెల్లె సంచి గూడ తగిలించుకో. గట్ల దగ్గర దిగొద్దు," అన్నాను.

ఒప్పుకున్నాడు. అతనిలో ఒక మంచి గుణం ఉంది, పందెం అంటే కాదనడు. మర్నాడు వచ్చాడు. షెడ్డులో సైకిలు నిలబెట్టి, నీళ్లు తాగి, మణికట్లు నలుపుకున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"నా సైకిల్ కు చక్రం పెద్దది అన్నా. రోడ్డు సాఫుంటది. ఇది అసొంటిది కాదు. గీ దిమ్మెల మీద నా నోట్ల పండ్లు గూడ కదిలినయి," అన్నాడు. తర్వాత తగ్గిన గొంతుతో, "ఆమెకు నేను సారీ చెప్పాలె," అన్నాడు. అప్పుడు తెలిసింది, ఎలుగుబంటి మాట విని నవ్వినవాళ్లలో అతనూ ఒకడని.

ఇద్దరం పని మొదలుపెట్టాం. ముందు టైరులో గాలి తగ్గించి చూశాం. సన్న టైరులో గాలి తగ్గిస్తే గట్టు తగలగానే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పంక్చరైంది. టైరే లావుది కావాలి. ఇంజినీరు ఫోర్కులో, బ్రేకుల మధ్య ఎంత చోటుందో కొలిచాడు. చోటుంది. లావు టైరు హాయిగా పడుతుంది. వెడల్పు సీటు ఎందుకు కావాలో కూడా అతనే వివరించాడు. రేసు సైకిలు మీద మనిషి ముందుకు వంగి ఉంటాడు, బరువు చేతుల మీదికీ కాళ్ల మీదికీ పోతుంది, సీటు సన్నగా ఉన్నా చెల్లుతుంది. డ్యూటీకి వచ్చే మనిషి నిటారుగా కూర్చుంటాడు, బరువంతా సీటు మీదే. అక్కడ కత్తి పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీరింగు అవసరం లేదు.

ఇదంతా ఇద్దరం కలిసి వెళ్లి జీఎం గారికి చెప్పాం. ఆయన మర్యాదగా విన్నారు. టీ ఇప్పించారు. లావు టైరు ఫోర్కులో పట్టదని మళ్లీ అన్నారు. పడుతుంది సార్, కొలిచాం అన్నాం. కంపెనీవాళ్లు పట్టదన్నారండీ, వాళ్లకంటే మనకెక్కువ తెలుసా అన్నారు. సీటు మారిస్తే అందం పోతుంది, గొట్టం మారిస్తే బరువు పెరుగుతుంది, ఏది మార్చినా గ్యారంటీ పోతుంది. సుఖం అనేది మనసుకు సంబంధించినదండీ అని కూడా అన్నారు. ఆ మాట అంటూ ఆయన తన మెత్తటి తిరుగుడు కుర్చీలో వెనక్కి వాలారు.

బయటికి వచ్చాక ఇంజినీరు, "అన్నా, గీయన ఒక్కసారన్న తొక్కిండా గా సైకిల్?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తొందరలోనే దొరికింది.

ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. జీఎం గారికి పైఅధికారి, వయసులో పెద్దావిడ, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడకు మన పథకం చూపించాలి కాబట్టి ఊరేగింపు పెట్టారు. గేటు నుంచి వంటశాల దాకా అందరూ సైకిళ్ల మీద, ముందు జీఎం గారు, వెనక బ్యాటరీ బండిలో మేడమ్. మా తనిఖీ చెల్లెను కూడా కచ్చితంగా రావాలన్నారు. రాకపోతే మర్నాటి నుంచే గోదాము అని నాతోనే చెప్పించారు. ఆ మాట చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్తుంటే నా మీద నాకే అసహ్యమేసింది. ఆమె విని, "వస్త అన్నా. ఒక్క పూటకు నడుము విరగదు తియ్," అంది.

ఆ పొద్దున సైకిళ్లన్నీ కడిగి గేటు దగ్గర వరుసగా పెట్టించాను. జీఎం గారి సైకిలు మాత్రం ఎప్పుడూ మా షెడ్డులో ఉండేది కాదు. ఆయన కారు డిక్కీలో ఉండేది. ఆ రోజు డ్రైవరు దాన్ని తీసి, మడత విప్పి, అన్నిటికంటే ముందు నిలబెట్టాడు. బయల్దేరేముందు అన్నిటిలో గాలి చూడడం నా పని. ఒక్కో టైరును బొటనవేలితో నొక్కుకుంటూ వస్తున్నాను. అన్నీ రాళ్లు. జీఎం గారి టైరు నొక్కాను. వేలు కొంచెం లోపలికి దిగింది.

వంగి చూశాను. టైరు లావుగా ఉంది. మా టైరుకు దాదాపు రెండింతలు. రంగు అదే, ఫ్రేము అదే, ఫోర్కు అదే. పట్టదన్న ఫోర్కులో లావు టైరు హాయిగా కూర్చుని ఉంది. సీటుకు కంపెనీ రంగు తొడుగు వేసి ఉంది. తొడుగు ఎత్తి చూస్తే వెడల్పు సీటు, కింద స్ప్రింగులు. సీటు కింది గొట్టం పొడుగుది. హ్యాండిలు కూడా పైకి లేపి, మణికట్టు ఆనేలా వెడల్పాటి పిడులు తొడిగారు. తాతల సామాను మొత్తం అక్కడే ఉంది.

ఇంజినీరును కళ్లతో పిలిచాను. వచ్చి చూశాడు. కోపం రాలేదు అతనికి, నవ్వొచ్చింది. ఆ నవ్వు విని మా చెల్లె కూడా వచ్చింది. టైరు చూసింది, సీటు చూసింది. ఏదో ఒకటి చేస్తుందని తెలుస్తోంది, ఏం చేసినా ఉద్యోగం పోయేది ఆమెదే.

అంతలో మేడమ్ వచ్చారు. జీఎం గారు పూలగుత్తి ఇచ్చి, సైకిళ్ల వరుస చూపించి గర్వంగా అన్నారు.

"మా ప్రత్యేకత ఇదే మేడమ్. నా దగ్గర్నుంచి క్లీనరు దాకా అందరికీ ఒకటే సైకిలు. ఏ తేడా లేదు."

మేడమ్ తలూపారు. మా చెల్లె రెండడుగులు ముందుకు వచ్చింది.

"సార్, అన్నీ ఒక్కటే గదా. నా సైకిల్ సీటు జర ఇబ్బంది పెడ్తున్నది. మీకైతే అలవాటున్నది. మీరు నాది తొక్కుండ్రి, నేను మీది తెస్త," అంది. గొంతు నిండా వినయమే.

జీఎం గారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. విమానం ఒకటి దిగుతోంది, చూడదగ్గదే. ఇంజినీరు అప్పటికే ఆమె సైకిలును ఆయన ముందుకు తెచ్చి స్టాండు తీశాడు. అన్నీ ఒకటేనని అప్పుడే చెప్పిన మనిషి, కావు అని ఎలా చెబుతాడు? ఎక్కారు.

ఊరేగింపు కదిలింది. మా చెల్లె జీఎం గారి సైకిలు మీద, నడుము నిటారుగా పెట్టుకుని, చుట్టాలింటికి బయల్దేరిన మనిషిలా వెళ్లింది. గట్లు వచ్చినచోట టైరు కొంచెం అణిగి లేచేది, అంతే. పక్కన జీఎం గారు. మొదటి గట్టు దగ్గర ఆయన కళ్లద్దాలు జారాయి. రెండో వరుస గట్ల దగ్గర, వెనక బండిలోని మేడమ్ కు ఏదో వివరించబోయారు గానీ, మాట మధ్యలోనే తెగిపోయింది. తర్వాత ఆయన వివరించడం మానేశారు. దిగి నెట్టుకుందామంటే వెనక మేడమ్, ముందు ఫొటోగ్రాఫరు. మా కంటే బాగా వెనకబడి వచ్చారు. పడలేదు. ఏ దెబ్బా తగల్లేదు. మేము రోజూ తిన్నదే ఆయనా తిన్నారు.

వంటశాల ముందు దీపం వెలిగించే కార్యక్రమం పెట్టారు. దీపం కుందె పొట్టిది. జీఎం గారు కొవ్వొత్తి పట్టుకుని వంగబోయి, సగంలో ఆగి, అలాగే ఉండిపోయారు. వంగలేరు, లేవలేరు. ఇంజినీరు భుజం పట్టుకుని నిలబెట్టాడు. మేడమ్ తనే దీపం వెలిగించి, సైకిళ్ల దగ్గరికి వెళ్లారు. రెండు సైకిళ్ల టైర్లనూ తన బొటనవేలితో నొక్కి చూశారు. సీటు తొడుగు ఎత్తి చూశారు.

"నాకు నడుము నొప్పి మేడమ్. డాక్టరు గారి సలహా మీద చిన్న మార్పులు," అన్నారు జీఎం గారు.

మేడమ్ మా చెల్లె వైపు తిరిగి, నీకేమైనా చెప్పేదుందా అని అడిగారు. ఇదే సమయం, మొత్తం చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె అంది:

"నాకు గూడ డాక్టర్ గదే చెప్పిండు మేడమ్."

మేడమ్ వెళ్లేటప్పుడు కారు తలుపు దగ్గర ఆగి జీఎం గారితో, "అన్నీ ఒకటేనన్నారు కదా. ఒకటే చేయండి," అన్నారు.

తర్వాత సామాను వచ్చింది. లావు టైర్లు, వెడల్పు సీట్లు, పొడుగు గొట్టాలు, పిడులు. ఇంతకాలం గ్యారంటీ పోతుందన్నారే, ఆ గ్యారంటీ ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన రోజులు అవే. ఒక్కొక్కరినీ షెడ్డుకు పిలిచి సైకిలు వాళ్ల ఒంటికి కుదిర్చాం. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా చాచుకోవాలి, సీటు ఎత్తు అది. హ్యాండిలు పట్టుకుంటే మోచేయి కొంచెం వంగి ఉండాలి. టైరులో గాలి, ఎక్కే మనిషి బరువును బట్టి ఉండాలి, ఎగ్జిబిషన్లో పెట్టడానికి కాదు. ఇవేమీ బ్రహ్మ రహస్యాలు కావు. తొక్కే మనిషిని ఒక్క మాట అడిగితే తెలిసేవే. అడగడానికి ఎవరికీ తీరిక లేదు, సైకిలును ఎత్తి చూడడానికి మాత్రం ఉంది.

మా యువ ఇంజినీరు ఆమెకు సారీ చెప్పాడు. ఆమె, "సరే తమ్మీ, బ్రేకు జర టైటు చెయ్," అంది. ఆ తర్వాత అతను లావు టైర్ల భక్తుడయ్యాడు. వినేవాడు దొరికితే చాలు, మెత్తదనం మహిమ గురించి వదలకుండా చెప్పేవాడు. మనుషులు మారరు, దేవుణ్ని మారుస్తారు, అంతే.

గోదాము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా చెల్లె తనిఖీలోనే ఉంది. జీఎం గారు కొన్ని రోజులు నా వంక చూడకుండా తిరిగారు. తర్వాత చూడసాగారు. ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. మెత్తటి సైకిళ్ల ఆలోచన తనదేనని ఆయనకే నమ్మకం కలిగింది. మీటింగుల్లో చెప్పడం మొదలుపెట్టారు. అబద్ధం చెబుతున్నవాడి కళ్లలో ఒక బెదురు ఉంటుంది. ఆయన కళ్లలో అది కూడా లేదు.

ఆ ఏడాది కంపెనీ వార్షికోత్సవంలో ఉద్యోగుల సౌకర్యానికి పాటుపడినందుకు జీఎం గారికి షీల్డు ఇచ్చారు. ఆయన మైకు ముందు నిలబడి, సన్న టైర్ల మీద తాను ఎలా పోరాడాడో, ఎవరూ వినకపోయినా ఎలా పట్టు వదల్లేదో చెప్పారు. వినని ఆ ఎవరూ ఎవరో మాకు తెలియలేదు. నేనూ ఇంజినీరూ మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాం. చివర్లో ఆయన, ఈ మార్పుతో లాభపడిన ఒక సోదరి మాట్లాడతారని మా చెల్లెను పిలిచారు.

ఆమె స్టేజీ ఎక్కింది. మైకు ఆమె ఎత్తుకు సరిపోలేదు, పైకి సవరించుకుంది. హాలులో వంటవాళ్లు, డ్రైవర్లు, క్లీనర్లు, అందరూ మెడ చాచి చూస్తున్నారు.

"సార్ కు అందరం దండం పెట్టాలె," అంది. "సార్ కు నడుము నొప్పి లేకుంటే మా నడుములు ఏనాడో పోయేటియి."

వెనక వరుసల నుంచి మొదలైన నవ్వు ముందు వరుస దాకా వచ్చింది. అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది జీఎం గారే.